లోపల కడగొద్దు, బయట రుద్దొద్దు

యోని లోపలి భాగాన్ని కడగనక్కర్లేదు. సబ్బుతోనే కాదు, ఉత్త నీళ్లతో కూడా. ఆడవాళ్లు నోరు విప్పకుండా భరించే దురద, మంటల్లో చాలావాటికి కారణం శుభ్రం తక్కువై కాదు, మరీ ఎక్కువై. కాబట్టి ఏది లోపల, ఏది బయట అన్నది ముందు తేల్చుకోవాలి. ఒక చిన్న అద్దం పట్టుకుని చూసుకోండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు. కంటికి కనిపించే పెదవులు, వాటి మధ్య మడతలు, మూత్రద్వారం, చుట్టూ ఉన్న చర్మం బయటి భాగం. అక్కడి నుంచి గర్భసంచి ముఖద్వారం దాకా వెళ్లే దారి యోని.

ఆ లోపలి దారిలో లాక్టోబాసిల్లస్ జాతి బ్యాక్టీరియా కాపురం ఉంటుంది. యోని గోడల కణాల్లో నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థం విరిగితే వచ్చే చక్కెరలను తిని లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తుంది. అందుకే నెలసరి వచ్చే వయసులో అక్కడ పీహెచ్ (పులుపును కొలిచే అంకె, అది ఎంత తక్కువైతే పులుపు అంత ఎక్కువ) సాధారణంగా 3.8 నుంచి 4.5 మధ్య ఉంటుంది. ఆ పులుపులో చాలా రకాల చెడ్డ క్రిములు పెరగలేవు. మామూలు స్నానపు సబ్బు పీహెచ్ 9, 10 దగ్గర ఉంటుంది. దాన్ని లోపలికి పంపితే ఆమ్లమూ పోతుంది, దాన్ని తయారుచేసే బ్యాక్టీరియా కూడా తగ్గుతుంది. వెనిగర్, నిమ్మరసం, వెల్లుల్లి, పెరుగు లోపల పెట్టుకోమనే సలహాలు ఎవరు చెప్పినా వినొద్దు. గొట్టంతో లోపలికి నీళ్లు కొట్టుకునే అలవాటు ఉన్నవాళ్లలో బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లు, గర్భసంచికీ ట్యూబులకీ పాకే ఇన్ఫెక్షన్లు ఎక్కువగా కనిపిస్తాయి.

బయటి భాగానికి రోజుకు ఒకసారి గోరువెచ్చని నీళ్లు చాలు. పీచు, స్పాంజి వాడకుండా చేత్తోనే కడగాలి. పెదవులను వేళ్లతో విడదీసి, మడతల్లో పేరుకున్న తెల్లటి మడ్డిని వేలి కొసతో మెల్లగా తీసేయాలి. ఎప్పుడూ ముందు నుంచి వెనక్కే. మలద్వారం చివర కడగాలి, ఆ చేత్తో మళ్లీ ముందుకు రాకూడదు. తర్వాత మెత్తని గుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. సబ్బు లేనిదే తృప్తి ఉండదంటే, వాసన లేని తేలికపాటి క్లెన్సర్‌ను వెంట్రుకలున్న చోట, గజ్జల్లో మాత్రమే వాడండి. ఇంటిమేట్ వాష్ ఎవరికీ తప్పనిసరి కాదు. వాసన వైప్స్, స్ప్రేలు, పౌడర్లు మానేస్తేనే మంచిది. వైప్స్ నిల్వ ఉండటానికి కలిపే కొన్ని రసాయనాలు పడక చర్మం ఎర్రబడి మండుతుంది. మంట పుడితే ఇంకాస్త కడుగుతాం, కడిగేకొద్దీ మంట పెరుగుతుంది.

ఆ చిక్కులో పడ్డవాళ్లు ఒక పని చేసి చూడండి. రెండు వారాలు అన్నీ ఆపేసి నీళ్లతోనే కడుక్కోండి. ఆరాక వాసన లేని పెట్రోలియం జెల్లీ బయట పలచగా రాయండి. లోదుస్తులు వదులుగా, నూలువి వేసుకోండి, ఉతికాక సబ్బు పూర్తిగా పోయేలా రెండోసారి నీళ్లలో జాడించండి. ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ వద్దు. రాత్రి లోదుస్తులు లేకుండా పడుకోవచ్చు. అయినా దురద తగ్గకపోయినా, చర్మం మీద తెల్లటి మచ్చలు కనిపించినా డాక్టర్‌కు చూపించాలి. లైకెన్ స్క్లెరోసస్ అనే చర్మవ్యాధి ఇలాగే ఉంటుంది, దానికి డాక్టర్ రాసిచ్చే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ కావాలి.

ఇక తెల్లబట్ట. అదేదో జబ్బని, ఒంట్లో బలం కారిపోతోందని భయపెట్టే మాటలు విని ఎందరో అనవసరంగా కుమిలిపోతారు. కొంత తెల్లబట్ట అవడం ఆరోగ్యమే, పాత కణాలను యోని అలాగే బయటికి పంపేస్తుంది. అండం విడుదలయ్యే రోజుల్లో, అంటే తర్వాతి నెలసరికి సుమారు 14 రోజుల ముందు, అది గుడ్డు తెల్లసొనలా సాగుతుంది. మిగతా రోజుల్లో చిక్కగా, తెల్లగా ఉంటుంది. ఆరాక బట్ట మీద లేత పసుపు మరక మామూలే. ముదురు రంగు లోదుస్తుల్లో ఆ చోట రంగు వెలిసిపోతుంటే అది ఆమ్లం చేసిన పనే, కంగారు పడొద్దు. మీకు ఎప్పుడూ ఉండే రంగు, వాసన, పరిమాణం గుర్తుపెట్టుకోండి. మార్పు వచ్చిందో లేదో చెప్పగలిగేది మీరే.

చిక్కగా, ముద్దలు ముద్దలుగా, పెద్దగా వాసన లేకుండా, విపరీతమైన దురదతో అయితే క్యాండిడా అనే ఫంగస్ అయి ఉండొచ్చు. యాంటీబయాటిక్స్ వాడాక, గర్భంతో ఉన్నప్పుడు, షుగర్ అదుపులో లేనప్పుడు ఇది ఎక్కువ. పలచగా, బూడిద రంగులో, ముఖ్యంగా కలయిక తర్వాత నీచు వాసన వస్తే బ్యాక్టీరియల్ వజైనోసిస్ కావచ్చు, అంటే మంచి బ్యాక్టీరియా తగ్గి వేరే బ్యాక్టీరియా పెరగడం. అందులో పీహెచ్ 4.5 దాటుతుంది, దురద అంతగా ఉండదు. పసుపు పచ్చగా, నురగగా ఉంటే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి కావచ్చు. అది కలయిక వల్ల సోకుతుంది కాబట్టి భర్తకూ మందు పడాలి, లేకపోతే మళ్లీ అంటుకుంటుంది. ఈ మూడింటికీ మందులు వేరు. దురద పుట్టగానే ఫంగస్ క్రీము కొనుక్కుని రాసుకోవడం వల్లే చాలామందికి అసలు జబ్బు బయటపడదు. మొదటిసారి వచ్చినా, ఏడాదిలో మూడు నాలుగు సార్లు వచ్చినా, గర్భంతో ఉన్నా పరీక్ష చేయించుకునే మందు వాడాలి. మాటిమాటికీ ఫంగస్ వస్తుంటే షుగర్ పరీక్ష కూడా అడగండి. రాసిచ్చిన మందు బాగైందనిపించినా మధ్యలో ఆపొద్దు.

నెలసరి రోజుల్లో ప్యాడ్ నిండకపోయినా 4 నుంచి 6 గంటలకు మార్చాలి. తడి, ఒరిపిడి కలిసి గజ్జల్లో చర్మం లేస్తుంది. యోని లోపల పెట్టుకునే దూది చుట్ట, టాంపన్, 8 గంటలు దాటకూడదు. అది లోపల ఉండగా ఉన్నట్టుండి జ్వరం, వాంతులు, ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే తీసేసి ఆస్పత్రికి వెళ్లాలి. అరుదే కానీ ప్రాణాపాయం. నెలసరి రక్తం పట్టుకునేలా లోపల పెట్టుకునే కప్పు (మెన్‌స్ట్రువల్ కప్) అయితే 12 గంటల దాకా ఉంచుకోవచ్చు. అంచు మడిచి, నిటారుగా పైకి కాకుండా నడుము వెనకవైపుకి ఏటవాలుగా తోయాలి. తర్వాత అడుగు భాగం చుట్టూ వేలు తిప్పి చూడండి, ఎక్కడైనా మడత తగిలితే సరిగా తెరుచుకోలేదన్నమాట, లీకయ్యేది అందుకే. తీసేటప్పుడు కాడ పట్టుకుని లాగొద్దు. గొంతుకూర్చుని, అడుగు భాగాన్ని నొక్కితే పట్టు వదులుతుంది. కాపర్ టీ ఉన్నవాళ్లు ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి, పట్టు వదలకుండా లాగితే అది కూడా జారిరావచ్చు. నెలసరి అయిపోయాక కప్పును మునిగేంత నీళ్లలో 5 నుంచి 10 నిమిషాలు మరిగించి, ఆరబెట్టి, గాలి ఆడే సంచిలో దాచాలి. వరసగా రెండు మూడు గంటలు గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, పెద్ద పెద్ద గడ్డలు పడుతున్నా, 7 రోజులు దాటినా రక్తహీనత వచ్చేదాకా ఆగకండి.

మూత్రనాళం ఆడవాళ్లలో 4 సెంటీమీటర్లే, అందుకే క్రిములు తేలిగ్గా పైకి పాకుతాయి. మూత్రం ఆపుకోవద్దు, కలయిక తర్వాత కాసేపట్లో వెళ్లిరండి. మూత్రంలో మంటతో పాటు జ్వరం, చలి, నడుము పక్కన నొప్పి ఉంటే కిడ్నీ దాకా పాకి ఉండొచ్చు, ఆ రోజే డాక్టర్‌ను కలవాలి.

వెంట్రుకలు ఉండటం అశుభ్రం కాదు. తీయాలనిపిస్తే కత్తెరతో కురచగా కత్తిరించుకోవడమే క్షేమం. రేజర్ వాడితే పెరిగిన దిశలోనే లాగాలి, ఎదురు గీస్తే వెంట్రుక చర్మం లోపలికి మొలిచి కురుపవుతుంది.

పాలిచ్చే రోజుల్లో, నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గి యోని పొడిబారుతుంది. కలయికలో నొప్పిని వయసు ఖాతాలో వేసి ఓర్చుకోకండి. వారానికి రెండు మూడు సార్లు వాడే యోని మాయిశ్చరైజర్లు, కలయికప్పుడు నీళ్ల ఆధారిత లూబ్రికెంట్ సాయపడతాయి. నూనె, పెట్రోలియం జెల్లీ తగిలితే లేటెక్స్ (రబ్బరు) కండోమ్ చిరిగిపోవచ్చు. వీటితో సరిపోకపోతే తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీము గురించి డాక్టర్‌ను అడగండి. నెలసరి ఆగి 12 నెలలు దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా, ఏ వయసులోనైనా కలయిక తర్వాత రక్తం కనిపిస్తున్నా పరీక్ష తప్పదు.

ఏ ఇబ్బందీ లేకపోయినా 30 ఏళ్లు దాటాక గర్భసంచి ముఖద్వారానికి హెచ్‌పీవీ (అక్కడ క్యాన్సర్‌కు దారితీసే వైరస్) పరీక్ష చేయించుకోవాలి. 5 నుంచి 10 ఏళ్లకోసారి చేయించుకోమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హెచ్‌పీవీ టీకాకు 9 నుంచి 14 ఏళ్ల వయసు అనువైనది. పరీక్షకు రెండు రోజుల ముందు నుంచి క్రీములు, కలయిక వద్దు, నెలసరి లేని రోజు చూసుకోండి. చివరి నెలసరి మొదటి తేదీ, వాడిన మందుల పేర్లు రాసుకుని వెళ్లండి. నొప్పిగా ఉంటే యోనిని తెరిచి చూసే పరికరం చిన్న సైజుది వాడమనండి, మధ్యలో ఆపమని కూడా అడగొచ్చు.