ఓలేకి జాబ్ ఇవ్వడంలో తొందరపడ్డారు

2018 డిసెంబర్‌లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ తన కోచ్ మౌరిన్యోని తీసేసి ఓలే గున్నార్ సోల్‌షేర్‌ని సీజన్ అయ్యేదాకా తాత్కాలిక కోచ్‌గా పెట్టినప్పుడు నాకు పెద్దగా ఆశల్లేవు, కానీ మొదటి మ్యాచ్‌లోనే కార్డిఫ్ మీద 5-1 కొట్టేసరికి ప్రాణం లేచొచ్చింది. ఇంక ఛాంపియన్స్ లీగ్‌లో పారిస్ టీమ్ పీఎస్‌జీతో ఆడిన మ్యాచ్ అయితే చెప్పక్కర్లేదు, సొంత గ్రౌండ్‌లో 0-2 ఓడి అక్కడికెళ్లి 3-1 గెలిచారు, చివర్లో రాష్‌ఫర్డ్ పెనాల్టీ, ఇక్కడ టైమ్ తెల్లవారుజామున మూడు దాటింది, నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అప్పట్నుంచి మా ఫ్రెండ్స్ అందరిదీ ఒకటే మాట, పర్మనెంట్‌గా ఓలేకే ఇచ్చేయాలని. నేను మాత్రం సీజన్ అయిపోయే మే దాకా ఆగమన్నా, కొత్త కోచ్ వస్తే ఏ టీమైనా కొన్నాళ్లు ఊపులో ఆడుతుంది కదా. మార్చి 28న మూడేళ్ల కాంట్రాక్ట్ ఇచ్చేశారు. ఏప్రిల్‌లో ఎవర్టన్ చేతిలో 4-0 ఓటమి, సీజన్ చివరికి లీగ్‌లో ఆరో ప్లేస్. ఓలే అంటే నాకు ప్రాణం, అయినా ఆ రెండు నెలలు ఆగాల్సిందనే ఇప్పటికీ అంటాను.