పుట్టిన బిడ్డ ఒంట్లో నీరు: మిషన్ అంకెను ఎంతవరకు నమ్మొచ్చు

ఇంపెడెన్స్ మిషన్ నీటిని కొలవదు. సన్నని కరెంటుకు బిడ్డ ఒళ్లు ఎంత అడ్డుపడుతోందో ఓమ్‌లలో చెబుతుంది, అంతే. మిల్లీలీటర్ల లెక్క లోపలి సూత్రానిది. పెద్దవాళ్ల సూత్రంతో వచ్చిన మిషనైతే ఆ లెక్క చూడనే వద్దు. నెలలు నిండిన బిడ్డ బరువులో సుమారు 75 శాతం నీరే. నెలలు తక్కువైతే 80 కూడా దాటొచ్చు. కేస్ షీట్‌లో ఓమ్‌లు రాయండి.

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ముందు చూసుకోవాల్సింది నూనె. మనవాళ్లు నువ్వుల నూనె, ఒడియావాళ్లు ఆవనూనె పట్టించి తెస్తారు. దాని మీద మిషన్ తీగ తగిలించే స్టిక్కర్ (ఎలక్ట్రోడ్) అంటినట్టే ఉంటుంది, అంకె మాత్రం నిలవదు. గోరువెచ్చని నీటి దూదితో తుడిచి ఆరనివ్వండి. వెండి మురుగులు, కడియాలు, వెండి మొలతాడు తీయించాలి. పొడి నల్లతాడుతో ఇబ్బంది లేదు. దానికోసం అమ్మమ్మతో గొడవ పడకండి.

రోజూ ముందు 500 ఓమ్‌ల రెసిస్టర్‌తో, అంటే ఎంత అడ్డుపడుతుందో ముందే తెలిసిన చిన్న ముక్కతో, మిషన్‌ను సరిచూడాలి. స్టిక్కర్లు నాలుగు, ఒకే పక్కన: కరెంటువి చేతి, కాలి వేళ్ల మొదట్లో, వోల్టేజీవి మణికట్టు, చీలమండ దగ్గర. అరచేయి చిన్నది కాబట్టి అసలు తంటా ఇక్కడే. రెండూ మరీ దగ్గరైతే అంకె తప్పుగా పెరుగుతుంది. స్టిక్కర్‌ను సన్నగా కత్తిరించండి, లేదా వోల్టేజీదాన్ని మోచేతి వైపు జరపండి. జరిపితే రోజూ అక్కడే పెట్టాలి. పెన్నుతో గుర్తు వేసుకోండి. సెలైన్ సూది ఉన్న చేయి వద్దు.

పొడవు ఇన్‌ఫాంటోమీటర్‌తో (బిడ్డను పడుకోబెట్టి కొలిచే బల్ల) ఇద్దరు కలిసి కొలవాలి. సూత్రంలో పొడవును వర్గం చేసి ఓమ్‌లతో భాగిస్తారు. 50 సెం.మీ. బిడ్డకు 49 అని రాస్తే 4 శాతం తగ్గుతుంది. అది నేరుగా నీటి లెక్కలోకి వెళ్తే 3 కిలోల బిడ్డలో సుమారు 90 మి.లీ. తేడా! మొదటి రోజుల్లో సహజంగా తగ్గే బరువులో అదే పెద్ద వాటా.

బిడ్డ పొడి బట్ట మీద, పాలకు ముందు, నిద్రలో ఉండాలి. చేతులు ఒంటికి, తొడలు ఒకదానికొకటి తగలకుండా మధ్యన పొడి గుడ్డ పెట్టండి. ఉయ్యాల ఇనుప చువ్వలు తగలకూడదు. చర్మం చల్లబడితే ఓమ్‌లు పెరుగుతాయి, నీరు తగ్గినట్టు కనిపిస్తుంది. తీసేటప్పుడు స్టిక్కర్‌ను లాగకండి, తడిపి ఊడదీయండి. నెలలు నిండని బిడ్డ చర్మం దాంతోపాటే లేచిపోతుంది.

ఒక్క రీడింగ్‌తో మందు, సెలైన్ మార్చొద్దు. బరువు తగ్గి ఓమ్‌లు పెరిగితే నీరు తగ్గిందనే అనుకోవచ్చు. బరువు తగ్గినా ఓమ్‌లూ తగ్గితే డాక్టర్‌ను పిలిచే ముందు చేయి ఒంటికి ఆనుకుందేమో చూసి, మళ్లీ కొలవండి.