'అయిపోయిందండీ, టెస్టింగ్ ఒక్కటే మిగిలింది'

పొద్దున్న పదింటికి విశాఖ మధురవాడలోనో రుషికొండ ఐటీ హిల్స్ మీదో ఏ సాఫ్ట్‌వేర్ టీమ్ స్టాండప్ (రోజూ నిలబడి మాట్లాడుకునే చిన్న మీటింగ్) దగ్గర నిలబడినా ఈ మాట చెవిన పడుతుంది. వంట అయిపోయింది, ఉడకడం ఒక్కటే మిగిలింది అన్నట్టుంటుంది. వారం తర్వాత చూసినా బోర్డు మీద ఆ పని రాసిన కార్డు అక్కడే ఉంటుంది. డెవలపర్ బద్ధకం అనుకుంటారు గానీ, చాలాసార్లు కారణం అది కాదు. అయిపోవడం అంటే ఏమిటో పని మొదలెట్టేముందు ఎవరూ రాసుకోలేదు.

ఫిషింగ్ హార్బర్‌లో బోటు వేటకి బయల్దేరే ముందు ఎంట్రీ వేసే యాప్ ఒకటి చేస్తున్నామనుకోండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. కార్డు మీద ఒకే లైను: "నిషేధ కాలంలో ఎంట్రీ ఒప్పుకోకూడదు." చదవగానే అందరికీ అర్థమైనట్టే ఉంటుంది. అందుకే ఎవరూ ఏమీ అడగరు.

కోడ్ ముట్టుకోకముందే రూల్ తెలిసినవాళ్లు ఒకరు, కోడ్ రాసేవాళ్లు ఒకరు, టెస్టర్ ఒకరు ఓ అరగంట కూర్చోవాలి. చర్చలొద్దు. తేదీలు, టైములు వేసి ఉదాహరణలు రాయండి. జూన్ 14 రాత్రి 11:59, మరబోటు: కుదరదు. జూన్ 15 అర్ధరాత్రి దాటి 12:10, అదే బోటు: కుదురుతుంది. మే 1న ఇంజిన్ లేని తెప్ప: కుదురుతుంది, ఎందుకంటే నిషేధం మరబోట్లకీ మోటారు బిగించిన పడవలకీ గానీ తెప్పలకి కాదు. ఏప్రిల్ 13న వెళ్లి 16న తిరిగొచ్చే బోటు? ఇక్కడికొచ్చేసరికి ముగ్గురూ మొహమొహాలు చూసుకుంటారు. జవాబు మత్స్యశాఖ చెప్పాలి. ఇవాళ అడిగితే ఒక ఫోన్‌తో తేలుతుంది. స్ప్రింట్ (ఒక విడత పని) చివర్లో అడిగితే సగం కోడ్ తిరగరాయాలి. క్లయింట్ అమెరికాలో ఉంటే మరీ కష్టం, సాయంత్రం కాల్‌లో మర్చిపోయిన ప్రశ్నకి ఒక రోజంతా పోతుంది.

ఆ ఉదాహరణలే టెస్టులు. టీడీడీ (టెస్ట్ డ్రివెన్ డెవలప్‌మెంట్, టీటీడీ కాదు సుమా) చెప్పేది ఇంతే: ముందు టెస్టు రాసి అది ఎర్రగా ఫెయిలవడం కళ్లారా చూడు, అది పాసయ్యేంత కోడే రాయి, పచ్చగా ఉండగా కోడ్ సర్దు. చాలామంది మొదటి మెట్టు దూకేస్తారు. అసెర్ట్ (జవాబు సరిచూసే లైను) రాయడం మర్చిపోయిన టెస్టు కూడా పచ్చగానే వెలుగుతుంది. ఒక్కసారైనా ఫెయిలవడం చూడని టెస్టుని నేనైతే నమ్మను.

ఇక ఆ 12:10 సంగతి. మీ ల్యాప్‌టాప్‌లో టెస్టు పాసవుతుంది, సర్వర్‌లో ఫెయిలవుతుంది. ల్యాప్‌టాప్ గడియారం మన టైములో ఉంది, సర్వర్ యూటీసీలో (మనకంటే అయిదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంది. మనకి జూన్ 15 అర్ధరాత్రి 12:10 అయితే అక్కడ ఇంకా జూన్ 14 సాయంత్రం 6:40. తేదీ పాతదే కాబట్టి నిషేధం ఉందనుకుని ఎంట్రీ తోసేస్తుంది. తెల్లవారుజామున 5:30 దాటితే అన్నీ సవ్యంగా పనిచేస్తాయి. టెస్టర్ పొద్దున్న పదకొండింటికి చూస్తే తప్పు ఎలా దొరుకుతుంది?

చాలామందికి వెంటనే తట్టే మందు, చేత్తో అయిదున్నర గంటలు కలిపేయడం. అది చేయొద్దు. రేపు డేటాబేస్ డ్రైవరో ఇంకో లైబ్రరీయో తనూ టైము మార్చి ఇస్తే రెండుసార్లు కలుస్తుంది. టైమును యూటీసీలోనే దాచండి, తేదీ కావాల్సినచోట మాత్రం 'ఆసియా/కోల్‌కతా' జోన్‌కి మార్చి తేదీ తీయండి. రూల్ చూసే ఫంక్షన్ తనంతట తాను గడియారం చూడకూడదు, టైము బయటినుంచి ఇవ్వాలి. అప్పుడే ఏ నెలలోనైనా జూన్ 15ని టెస్టు చేయగలరు. సీఐ మెషీన్‌ని (కోడ్ మారిన ప్రతిసారీ టెస్టులన్నీ నడిపే కంప్యూటర్) యూటీసీలోనే ఉంచండి, ఇలాంటివి అక్కడే బయటపడతాయి.

దీనికో కవల తప్పుంది. ఏప్రిల్ 15 అర్ధరాత్రి నుంచి 5:30 దాకా నిషేధం ఉన్నా యాప్ ఒప్పేసుకుంటుంది. జూన్‌లో బోటు ఆగితే యజమాని ఫోన్ చేసి తిడతాడు. ఏప్రిల్‌లో బోటు వెళ్లిపోతే ఎవరూ ఫోన్ చేయరు. కాబట్టి ప్రతి హద్దుకీ రెండు వైపులా టెస్టు ఉండాలి.

పని ముక్కలు చేయడం గురించి కొంచెం. ఈ వారం డేటాబేస్ టేబుళ్లు, వచ్చే వారం ఏపీఐ (స్క్రీన్‌కీ డేటాబేస్‌కీ మధ్య వారధి), ఆపై స్క్రీన్ అని అడ్డంగా కోస్తే మూడో వారందాకా హార్బర్‌లో ఎవరికీ చూపించేది ఉండదు. మరబోటు ఒక్కటే, జూన్ హద్దు ఒక్కటే తీసుకుని స్క్రీన్ నుంచి డేటాబేస్ దాకా నిలువుగా కోయండి. ఒకటి రెండు రోజుల్లో తేలాలి. బ్రాంచ్ (అసలు కోడ్ నుంచి విడిగా పెట్టుకున్న కాపీ) అంతకంటే ఎక్కువ బతికితే దాన్ని తిరిగి కలిపే మెర్జ్ రోజు గొడవే. కోడ్ సర్దిన కమిట్ (ఒకేసారి దాచిన మార్పుల కట్ట), పనితీరు మార్చిన కమిట్ వేరువేరుగా ఉంచండి. కలిపేస్తే రివ్యూ చేసేవాళ్లు పేర్ల మార్పుల మధ్య అసలు మార్పుని చూడకుండానే 'బాగుంది' అనేస్తారు.

స్టాండప్‌కి స్క్రమ్ (ఇలా స్ప్రింట్లుగా పనిచేసే పద్ధతి) గైడ్ ఇచ్చింది 15 నిమిషాలే. నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, అడ్డంకులేంటి అనే మూడు ప్రశ్నల్ని 2020 కూర్పులో తీసేశారు కూడా. అయినా మన దగ్గర అప్పజెప్పడం ఆగలేదు. మనుషుల్ని వరసగా అడగడం మాని కార్డుల బోర్డుని, పూర్తయిన పనులుండే కుడి చివర నుంచి ఎడమకి చూడండి. కుడి చివరికి దగ్గరగా ఉన్న కార్డుని దాటించడానికి ఎవరు చెయ్యి వేస్తారు? అది తేలకుండా కొత్త కార్డు ఎత్తుకోకూడదు.

మన కార్డు కుడి చివరికి ఎప్పుడు వెళ్లాలంటే: రాసుకున్న ఉదాహరణలన్నీ సీఐలో పచ్చగా ఉండాలి, ఇంకొకరు చదివి ఉండాలి, స్టేజింగ్‌లో (అసలు సర్వర్‌లో పెట్టేముందు సరిచూసే నకలు) జూన్ 15, 12:10 టైము ఇచ్చి ఎంట్రీ వేసి చూసి ఉండాలి, తోసేసిన ప్రతి ఎంట్రీకీ కారణం లాగ్‌లో (యాప్ రాసుకునే చిట్టా) పడాలి. జూన్ 14 రాత్రి ఆ లాగ్ చూస్తూ మేలుకుని ఉండేది ఎవరో పేరు కూడా కార్డు మీదే రాసి ఉండాలి.