జీతం వద్దన్న సోల్జర్లు, మా వాడి ప్రాజెక్టు

మా బోస్టన్ వైపు తెలుగువాళ్ళం కలిసినప్పుడు పిల్లల చదువుల గురించి మాటొస్తే ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, మ్యాథ్స్, సైన్స్ అయితే సరే గానీ ఈ సివిల్ వార్ (1861-65లో బానిసత్వం విషయంలో అమెరికా ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన యుద్ధం) గొడవంతా మన పిల్లలకెందుకండీ అని. నాకు ఆ మాట అస్సలు నచ్చదు. మనం హెచ్‌వన్ వర్క్ వీసా మీద ఉన్నప్పుడు పుట్టిన పిల్లలు పుట్టుకతోనే సిటిజన్స్ అయ్యారంటే అది 1868లో వచ్చిన అమెరికా రాజ్యాంగం 14వ సవరణ వల్లే కదా, ఆ సవరణ వచ్చింది ఆ యుద్ధం ఉత్తరాది గెలిచింది కాబట్టే. మరి మనది కాకుండా ఎలా పోతుంది?

మా వాడికి స్కూల్లో 54వ మసాచుసెట్స్ రెజిమెంట్ మీద ప్రాజెక్టు ఇచ్చారు. 1863లో ఇక్కడే రీడ్‌విల్‌లో ట్రైనింగ్ తీసుకుని ఉత్తరాది తరఫున పోరాడిన నల్లజాతి సోల్జర్ల ఇన్‌ఫాంట్రీ, అంటే కాల్బలం. అదే ఏడాది జూలై 18 సాయంత్రం సౌత్ కరోలినాలో దక్షిణాది వాళ్ళ కోట ఫోర్ట్ వాగ్నర్ మీదకి సుమారు 600 మంది వెళ్తే చనిపోయినవాళ్ళు, గాయపడినవాళ్ళు, దొరికిపోయినవాళ్ళు కలిపి 250 మందికి పైనే. వాళ్ళ కల్నల్ రాబర్ట్ షా, తెల్లవాడు, 25 ఏళ్ళ కుర్రాడు, ఆయన్నీ ఆయన సోల్జర్లతో పాటు ఒకే గోతిలో పూడ్చేశారు. శవాన్ని తీయించొద్దు, వాడు తన మనుషుల దగ్గరే ఉండాలి అన్నాడట వాళ్ళ నాన్న. ఒక తల్లిగా ఆ ముక్క చదివి నేను చాలాసేపు మామూలు మనిషిని కాలేకపోయాను.

కానీ మా వాడిని పట్టుకున్నది యుద్ధం కాదు, జీతం. ఇండియా నుంచి వచ్చిన మా అమ్మని డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి, కాగితం మీద లెక్క వేసి చూపిస్తున్నాడు. "అమ్మమ్మా, ఫస్ట్ నెలకి 13 డాలర్స్ ఇస్తాం అన్నారు. తర్వాత 10 అన్నారు. బట్టలకి 3 కట్. చూడు, 7 ఓన్లీ. వైట్ సోల్జర్స్‌కి 13!" అయితే వాళ్ళేం చేశార్రా అంది అమ్మ. "వద్దు అన్నారు! మొత్తం వద్దు!" తక్కువైన ఆ డబ్బు మేమిస్తాం అని మసాచుసెట్స్ రాష్ట్రం ముందుకొచ్చినా తీసుకోలేదు, ఎందుకంటే వాళ్ళ గొడవ డబ్బు గురించి కాదు, సమానంగా చూడమనే. గూడింగ్ అని ఒక కార్పొరల్ నేరుగా లింకన్‌కే ఉత్తరం రాశాడు, మేం సోల్జర్లమా, కూలీలమా అని. 1864 జూన్‌లో సమాన జీతం చట్టం వచ్చింది, డబ్బు చేతికందేసరికి మొత్తం ఏడాదిన్నర అయింది. గూడింగ్ మాత్రం ఆ జూలైలోనే, దక్షిణాది వాళ్ళకి ఖైదీగా దొరికిపోయి, వాళ్ళ ఆండర్సన్‌విల్ జైలు క్యాంపులో పోయాడు.

అమ్మ అంతా విని ఒక్కటే అడిగింది, "మరి ఇంటి దగ్గర పెళ్ళాం పిల్లలు అన్నాళ్ళు ఏం తిన్నార్రా?" అని. మా వాడు వెంటనే చెప్పలేకపోయాడు. ఇప్పుడు ప్రాజెక్టులో ఆ కుటుంబాల మీద ఒక పేజీ పెట్టాలని కూర్చున్నాడు, సోల్జర్లు ఇంటికి రాసిన ఉత్తరాలు వెతుకుతున్నాడు, దొరికినవి దొరికినట్టు అమ్మమ్మకి వచ్చీ రాని తెలుగులో చెప్తున్నాడు. వచ్చే శనివారం ముగ్గురం స్టేట్ హౌస్ ఎదురుగా ఉన్న ఆ రెజిమెంట్ మెమోరియల్ చూడ్డానికి వెళ్తున్నాం. దగ్గర్లో ఉన్నవాళ్ళు మీ పిల్లల్ని కూడా ఒకసారి తీసుకెళ్ళండి.