లుటియెన్స్ కట్టిన ఇంట్లో మూడు రాత్రులు

నాన్నగారికి 70 నిండాయి, అందరం ఓ చోట చేరదామనుకున్నాం. హోటల్లో గదులు తీసుకుంటే ఎవరి తలుపు వాళ్లు వేసుకుంటారు. అందుకే ఇంగ్లండ్‌లో, సర్రేలోని అబింజర్ కామన్ అనే పల్లెలో గొడార్డ్స్ అనే ఇల్లు మొత్తం తీసుకున్నాం. ఢిల్లీలో రాష్ట్రపతి భవన్‌కీ, మన నిజాం కట్టించుకున్న హైదరాబాద్ హౌస్‌కీ ప్లాన్ గీసిన లుటియెన్స్, వాటికి చాలా ముందే 1898-1900లో కట్టిన ఇల్లది. పాత కట్టడాలను బాగుచేసి అద్దెకిచ్చే ల్యాండ్‌మార్క్ ట్రస్ట్ దాన్ని చూసుకుంటోంది. 12 మంది పడుకోవచ్చు.

బుకింగ్ తేలికే. కష్టమంతా మాలోనే. వారాంతమంటే శుక్రవారం నుంచి సోమవారం దాకా, మూడు రాత్రులు. నాలుగు కుటుంబాలకీ కుదిరే శుక్రవారం కోసం వాట్సాప్‌లో నెల రోజులు కొట్టుకున్నాం. డబ్బు మొత్తం నేనే కట్టేశాను. వసూలు చేసేసరికి తలప్రాణం తోకకొచ్చింది. మా బావగారి వాటా ఇంకా రాలేదు, ఇది చదివితే సంతోషం.

మంచాలు, దుప్పట్లు, పళ్లాలు, గిన్నెలు అన్నీ అక్కడే ఉన్నాయి. ఇడ్లీ పాత్ర, పోపుల డబ్బా మాత్రం మోసుకెళ్లాం. అమ్మ దేవుడి దగ్గర దీపం పెడతానంది. చుట్టూ వందేళ్ల నాటి చెక్క! నాకు టెన్షన్. చివరికి బ్యాటరీ దీపంతో సరిపెట్టింది కానీ మూడు రోజులూ నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఇంటి రెండు రెక్కల మధ్య, తోటల రూపకర్త గెర్‌ట్రూడ్ జీకిల్‌తో కలిసి లుటియెన్స్ తీర్చిదిద్దిన పూలతోట. నాన్నగారు కాఫీ గ్లాసుతో అక్కడ నిలబడి, "మన మండువా లోగిలే ఇది, ఓ వైపు గోడ కట్టడం మర్చిపోయినట్టున్నాడు" అన్నారు. ఇంట్లో టీవీ లేదని తెలిశాక మాత్రం మొహం మాడ్చుకున్నారు. అదీ ఎంతసేపు! బంతి దొర్లించి కొయ్యలు పడగొట్టే ఆట కోసం ఆ ఇంట్లో ఓ పొడుగాటి గది ఉంది. మనవలకు వంతు ఇవ్వకుండా రాత్రి పదకొండు దాకా ఆడారు.

సోమవారం పొద్దున్నే ఖాళీ చెయ్యాలి. మేం గిన్నెలు కడుగుతుంటే నాన్నగారు అతిథులు రాసే పుస్తకం ముందేసుకుని కూర్చున్నారు. తెలుగులోనే రాశారు: "ఆట బాగుంది. ఇడ్లీ బాగుంది. టీవీ లేదు."