సంత్రా తొక్క నూనె: కుక్కర్ నుంచి ఊదా రంగు పరీక్ష దాకా

నాగపూర్ సంత్రాలు దిగాయి. హనుమకొండ చౌరస్తాలో జ్యూస్ బండివాళ్లను అడిగితే తొక్కలు సంచులకొద్దీ ఊరికే ఇస్తారు గానీ, పొద్దంతా ఎండకు వాడిన వాటిలో నూనె పెద్దగా మిగలదు. అందుకే ఇంట్లో అప్పుడే ఒలిచినవే వాడుతున్నాను. నూనె ఉండేది పైన రంగు పొరలోని సన్నటి తిత్తుల్లో. లోపలి తెల్ల పొరను స్పూన్‌తో గీకేస్తే నురగ తగ్గుతుంది.

సామాను: ఐదు లీటర్ల కుక్కర్, విజిల్ తీసిన చోట సిలికాన్ పైపు, ఆ తర్వాత చల్లటి నీళ్ల బకెట్‌లో చుట్టలు చుట్టిన రాగి గొట్టం. తొక్కలు నీళ్లలో మునగకుండా జల్లెడ గిన్నెలో పెడతాను. ముక్క ఏదైనా ఆవిరి దారికి అడ్డం పడితే కుక్కర్ పేలే ప్రమాదం ఉంది, అది మాత్రం ప్రతిసారీ చూసుకోవాలి. ఈ ఆవిరి అంటుకుంటుంది కాబట్టి గ్యాస్ పొయ్యి వద్దు, ఇండక్షన్ మేలు. నూనెలో ఎక్కువ భాగం లిమోనీన్ అనే వాసన పదార్థం. విడిగా అయితే 176 డిగ్రీల దగ్గర మరుగుతుంది, నీటి ఆవిరితో కలిస్తే వంద లోపే వచ్చేస్తుంది. కిలో తొక్కకు ఐదారు మిల్లీలీటర్లు పైకి తేలుతోంది. గాజు డ్రాపర్‌తో తీయండి. థర్మకోల్ ప్లేటు మీద ఒక్క చుక్క వేశాను, చూస్తుండగానే బొక్క పడింది.

ఇక అసలు సంగతి, యాంటీ ఆక్సిడెంట్ గుణం, అంటే ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన, జత లేని ఎలక్ట్రాన్ ఉన్న అణువులను అణచే గుణం. అయోడిన్ రంగు పోతే గుణం ఉన్నట్టేనని వీడియోల్లో చూపిస్తున్నారు. నేనైతే నమ్మను. లిమోనీన్ అణువులో కార్బన్ల మధ్య రెండు జంట బంధాలున్నాయి, అయోడిన్ వాటికి అతుక్కున్నా రంగు పోతుంది. అందుకే డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మిత్రుణ్ణి బతిమాలి డీపీపీహెచ్ ద్రావణం వాడుకున్నాను, అది ఈ పరీక్షకు వాడే ఒక నిలకడైన ఫ్రీ రాడికల్. అది ముదురు ఊదా రంగులో ఉంటుంది, ఫ్రీ రాడికల్ అణిగేకొద్దీ పసుపుకు తిరుగుతుంది. అరగంట చీకట్లో పెట్టి, నూనె కలపని సీసా పక్కన పెట్టి చూశాం.

నల్లగొండ బత్తాయి నూనెలో మార్పు దాదాపు లేదు. సంత్రా నూనెతో ఊదా రంగు కొంచెం పలచబడింది. నిమ్మ రెండింటికన్నా మెరుగు. గామా టెర్పినీన్ అనే మరో నూనె పదార్థం బత్తాయిలో కంటే సంత్రా, నిమ్మల్లో ఎక్కువ, కారణం అదే అనుకుంటున్నాం. అన్నిటికంటే ముందు పసుపెక్కింది మాత్రం నేను పారబోయబోయిన కుక్కర్ అడుగు నీళ్లు! తొక్కలోని ఫినాలిక్ పదార్థాలు ఆవిరితో పైకి లేవవు, జల్లెడలోంచి కారి అడుగునే ఉండిపోతాయి. ఈ గుణం కోసమే అయితే నూనె తీయడమే దండగ. వాసన కోసం తీయొచ్చు.

నిల్వ: ముదురు గోధుమ రంగు గాజు సీసా, నిండుగా, ఫ్రిజ్‌లో. గాలి తగిలితే లిమోనీన్ తనే ఆక్సీకరణం చెందుతుంది, ఆ పాత నూనె చర్మానికి పడదు. పల్లి నూనెలో కలిపి మక్కిపోవడం ఆగుతుందో లేదో చూద్దామంటే సంత్రా వాసన మక్కు వాసనను కప్పేస్తోంది. ముక్కును నమ్మి లాభం లేదు, నూనె గాలికి ఎంత పాడైందో చెప్పే పెరాక్సైడ్ విలువ కొలవాలి. ఆ కొలతకు వాడే రసాయనాలు పొటాషియం అయోడైడ్, థయోసల్ఫేట్ దొరకగానే మొదలుపెడతాను.