బోర్డు మీద మూడు 165లు

ఆదివారం. పొద్దున బాక్స్‌లో, అంటే మా క్రాస్‌ఫిట్ జిమ్‌లో, కోచ్ పాత క్రాస్‌ఫిట్ ఓపెన్ వర్కవుట్ ఒకటి చేయించారు, 2017 నాటి 17.4. ఓపెన్ అంటే ప్రపంచంలో ఎవరైనా పేరిచ్చి పాల్గొనగల క్రాస్‌ఫిట్ పోటీ, వారానికో వర్కవుట్. పదమూడు నిమిషాల టైమ్. 55 డెడ్‌లిఫ్టులు, బరువు బంతిని గోడ మీదికి విసిరే 55 వాల్ బాల్ షాట్లు, రోయింగ్ మెషీన్ మీద 55 కేలరీలు, ఆపైన గోడకి ఆనుకుని తలకిందులుగా చేసే 55 హ్యాండ్‌స్టాండ్ పుషప్‌లు. రోయింగ్ దిగి గోడ దగ్గరికి వెళ్లేసరికి నా చేతులు మాట వినలేదు. తల మ్యాట్‌కి ఆనింది, మళ్లీ పైకి లేవలేదు. బోర్డు మీద నా పేరు పక్కన మూడు 55లు కలిపి 165 పడింది. వదినకీ 165, ఆ కింద ఇంకొకరికీ 165. హ్యాండ్‌స్టాండ్ పుషప్ రానివాళ్లందరూ ఆగేది అక్కడే. అప్పుడు చూసేది టై-బ్రేక్, అంటే రోయింగ్ ఎంత సమయానికి పూర్తి చేశామన్నది. వదిన నాకన్నా పదిహేను సెకన్ల ముందు దిగింది కాబట్టి ఆవిడ పైన, నేను కింద.

ఓపెన్‌లో ఆ పదిహేను సెకన్లు చిన్న విషయం కాదు. 2018లో ప్రపంచమంతా కలిపి నాలుగు లక్షల మందికి పైగా పేర్లు నమోదు చేసుకున్నారు. ఒకే స్కోరు దగ్గర అంత గుంపు చేరినప్పుడు కొన్ని సెకన్లకే వందల స్థానాలు కిందికి జారిపోవచ్చు. పైన మొదటి స్థానానికీ రెండో స్థానానికీ మధ్య నిమిషం తేడా ఉన్నా, లెక్కలో అది ఒక్క పాయింటే.

ఎందుకంటే ఓపెన్‌లో స్థానమే పాయింటు. వెయ్యో స్థానంలో ఉంటే వెయ్యి పాయింట్లు. అన్ని వారాలవీ కూడితే ఎవరికి తక్కువ వస్తే వాళ్లు పైన. ఇలా ఎందుకు పెట్టారో అర్థమవుతుంది. ఒక వారం బార్‌బెల్ బరువు, ఇంకో వారం నిమిషాలు, మరో వారం రెప్స్, అంటే ఎన్నిసార్లు చేశామన్నది. కిలోల్నీ నిమిషాల్నీ ఎలా కూడతాం? అన్నింటినీ వరసలో నిలబెడితే కూడొచ్చు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వదినకి కాగితం మీద ఒక లెక్క వేసి చూపించాను. మొదటి వర్కవుట్‌లో నేను 1, ఆవిడ 3. రెండోదాంట్లో ఆవిడ 3, నేను 6. మొత్తం నాకు 7, ఆవిడకి 6, ఆవిడే గెలిచింది. రెండో వర్కవుట్‌లో మా మధ్య 4, 5 స్థానాల్లో ఉన్న ఇద్దరూ మొదటి దాంట్లో మా ఇద్దరి వెనకే ఉన్నారనుకుందాం. ఆ ఇద్దర్నీ తీసేస్తే నేను 4కి వస్తాను. నాకు 5, ఆవిడకి 6. ఇద్దరిలో ఎవరూ ఒక్క రెప్ ఎక్కువ చేయలేదు, తక్కువ చేయలేదు. "మరి నేను గెలిచానా, నువ్వు గెలిచావా?" అంది వదిన. ఎవరెవరు వచ్చారన్నదాన్ని బట్టి, అన్నాను. ఈ పద్ధతిలో నన్ను కలవరపెట్టేది ఇదే.

ఏడు ఈవెంట్ల అథ్లెటిక్స్ పోటీ హెప్టాథ్లాన్‌లో అలా కాదు. అక్కడ ప్రతి మీటరుకీ ప్రతి సెకనుకీ ఎన్ని పాయింట్లో ముందే పట్టికలో ఉంటుంది, పక్కన ఎవరు పరిగెత్తినా అది మారదు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన తెలంగాణ అమ్మాయి అగసర నందిని 5712 పాయింట్లతో కాంస్యం గెలిచింది. నాలుగో స్థానంలో స్వప్న బర్మన్, 5708. నాలుగు పాయింట్లు! ఏడు ఈవెంట్ల తర్వాత అంత తక్కువ తేడా. కానీ ఆ 5712 ఆమె చేసిన పనికి కొలత. పోటీకి ఇంకో నలుగురు వచ్చినా అది 5712గానే ఉండేది. నాకు ఈ పద్ధతే న్యాయంగా అనిపిస్తుంది. ఓపెన్‌లో వర్కవుట్లు ఏటా మారుతుంటాయి కాబట్టి ముందే పట్టిక తయారుచేయడం కష్టమని తెలుసు. అయినా ర్యాంకు పక్కనే, పై స్థానానికి ఎంత దూరంలో ఉన్నామో చూపిస్తే ఎవరికేం నష్టం?

సీజన్ చివర జరిగే పెద్ద పోటీ క్రాస్‌ఫిట్ గేమ్స్‌లోనూ పాయింట్లు స్థానాన్ని బట్టే, కాకపోతే అక్కడ ఎక్కువ వచ్చినవాళ్లది గెలుపు. 2017లో టియా-క్లేర్ టూమీకి 994, కారా వెబ్‌కి 992. ఇద్దరూ ఆస్ట్రేలియా వాళ్లే. ఏ ఒక్క ఈవెంట్‌లో ఒక స్థానం అటూ ఇటూ అయినా టైటిల్ చేతులు మారేదేమో. టూమీ ఆ ఏడాది నుంచి వరసగా ఆరుసార్లు గెలిచింది కాబట్టి ఆమె గొప్పదనంలో సందేహం లేదు, కానీ వెబ్ గురించి ఆలోచిస్తే నాకిప్పటికీ బాధగానే ఉంటుంది.

2023 సీజన్‌కి ప్రపంచ ర్యాంకింగ్ తెచ్చి, ఏ ప్రాంతం నుంచి గేమ్స్‌కి ఎంతమంది వెళ్లాలో దాని ఆధారంగా తేల్చారు. బలమైన ప్రాంతానికి ఎక్కువ సీట్లు. లెక్కగా చూస్తే సబబే. కానీ పెద్ద పోటీల్లో ఆడితేనే ర్యాంకు పెరిగేది, ర్యాంకులు ఉంటేనే ఆ ప్రాంతానికి ఎక్కువ సీట్లు వచ్చేవి. ఆసియాలో ఎదుగుతున్న అమ్మాయికి ఆ తలుపు తెరుచుకోవడం ఎంత కష్టమో!

సాయంత్రం అమ్మ ఫోన్ చేసి, "ఇవాళ నీ ర్యాంకెంతే?" అని అడిగింది. ర్యాంకు కాదు, రోయింగ్ ముందుకన్నా త్వరగా ముగించానని చెప్పాను. "అయితే బాగానే చేశావు" అంది. రేపు పొద్దున గోడ దగ్గర పది నిమిషాలు వట్టి హ్యాండ్‌స్టాండ్ హోల్డ్‌లే చేయమన్నారు కోచ్. వదిన కూడా వస్తానంది.